దిగడం రేపు నేర్చుకుందామని

ఆ రోజుల్లో, అంటే నాకింకా ఇరవై నిండని రోజుల్లో, నాకు ఒకచోట కాలు నిలిచేది కాదు. ఏదైనా మొదలుపెట్టమంటే అందరికన్నా ముందుండేవాణ్ణి. పూర్తిగా నేర్చుకునే ఓపిక మాత్రం లేదు. హార్మోనియం మూడు పాఠాల దగ్గర ఆగింది. మా నాన్న మగ్గం దగ్గర రెండు పూటలు కూర్చుని మూడో పూట లేచిపోయాను. ఎమ్మిగనూరులో సైకిల్ షాపు మామ దగ్గర వారం తిరిగేసరికి ఎక్కడం, తొక్కడం వచ్చేశాయి. "దిగేది రేపు సెప్తా, రా" అన్నాడు మామ. ఆ రేపే ఆదోనిలో టెలిగ్రాములు పంచే టెంపరరీ ఉద్యోగానికి రమ్మని కబురొచ్చింది. "సైకిల్ వస్తుందా?" అని పెద్దసారు అడిగితే "వస్తుంది సార్" అన్నాను (సగమా, మొత్తమా అని ఆయన అడగలేదు).

ఆఫీసు సైకిల్ ఎత్తు, నేను పొట్టి. సీటు మీద కూర్చుంటే కాలు నేలకందదు. అందుకని ఏదో ఒక ఇంటి అరుగు పక్కకు పోనిచ్చి, దానిమీద కాలు ఆనించి దిగేవాణ్ణి. అరుగు లేకపోతే కరెంటు స్తంభాన్ని కావలించుకునేవాణ్ణి. ఆదోనిలో ఏ వీధిలో ఏ అరుగు ఎంత ఎత్తో మున్సిపాలిటీ కన్నా నాకే బాగా తెలుసు. దిగడం ఆదివారం నేర్చుకుందాం అనుకుంటూ నాలుగు నెలలు గడిపేశాను.

ఒక సాయంత్రం నాలుగు దాటాక గుమాస్తా నా చేతిలో టెలిగ్రాం పెట్టాడు. "రజాయిలు కుట్టే చాచా కూతురికి. రేప్పొద్దున కర్నూల్లో టీచర్ ట్రైనింగు ఇంటర్వ్యూ అంట. ఐదు గంటల బస్సు తప్పితే ఆ పాప సీటు పోయినట్లే. బిర్న పో" అన్నాడు. ఎగిరినట్టే పోయాను. తీరా చూస్తే, మురికికాలువ కోసమని ఆ సందులో అరుగులన్నీ పగలగొట్టేసి ఉన్నాయి. స్తంభం కూడా లేదు. వాకిట్లో దూది కుప్ప పక్కన కూర్చుని రజాయి కుడుతున్న చాచా ముందునుంచి బెల్లు కొట్టుకుంటూ దాటిపోయాను. సందు చివర తిరిగి వస్తూ "టెలిగ్రాం చాచా" అని అరిచి మళ్లీ దాటిపోయాను. "ఇచ్చిపోప్పా, యాడికి పోతాండావు?" అంటూ ఆయన సూది పట్టుకుని నా వెంటపడ్డాడు. తీసి ఇద్దామంటే కాగితం భుజానికున్న సంచిలో ఉంది (హ్యాండిల్ మీద ఒక చెయ్యి వదలడం కూడా నేను నేర్చుకోలేదు). మూడో చుట్టులో "కర్నూలు" అన్నాను, నాలుగో చుట్టులో "ఇంటర్వ్యూ" అన్నాను, ఐదో చుట్టులో "ఐదు గంటల బస్సు" అన్నాను. సందంతా బయటికొచ్చి నవ్వుతోంది. నాకు ఏడుపొచ్చింది. నవ్వుతున్నందుకు కాదు, టైము అయిపోతున్నందుకు.

ఆరో చుట్టులో చాచా కూతురే సందు నడిమధ్యకు వచ్చి నిలబడి, రెండు చేతులతో హ్యాండిల్ పట్టేసింది. నేను వెళ్లి దూది కుప్పలో పడ్డాను. ఆ పిల్ల నవ్వలేదు. "దిగేకి రాకపోతే ఎందుకెక్కినావన్నా?" అని మాత్రం అడిగి, సంతకం పెట్టి, కాగితం తీసుకుని తండ్రితో కలిసి బస్టాండుకు పరుగెత్తింది.

ఆఫీసుకు తిరిగి పోబుద్ధి కాలేదు. ఆ సందులోనే అటూ ఇటూ తిరుగుతున్నాను (ఈసారి కాలినడకన). చివరికి చాచా ఒక్కడే రొప్పుతూ వచ్చాడు. "కదిలిన బస్సుకు అడ్డం పోయి ఎక్కించినా" అన్నాడు. నా ముఖం చూసి ఏమనుకున్నాడో, సైకిల్ లేపి నా చేతికిచ్చి, "ఎక్కేది ఎట్లనో దిగేది అట్లే, ఎనక్కి. కుడికాలు ఎనకనించి తియ్యి" అని సీటు పట్టుకుని నా వెంట నడిచాడు. పది నిమిషాల్లో వచ్చేసింది.

"ఇంతేనా చాచా?"

"ఇంతేనప్పా."

ఆ పూట ఆఫీసుకు పోతూ దారిలో పనిలేకపోయినా పదిసార్లు దిగాను. నాలుగు నెలలు ఊళ్లో అరుగులన్నీ వెతుక్కున్నవాడికి పది నిమిషాలు దొరకలేదు. అప్పటి నన్ను తలచుకుంటే ఇప్పుడు నవ్వే వస్తుంది. కానీ ఆ పిల్లకు బస్సు తప్పి ఉంటే ఆ పది నిమిషాలు ఎక్కణ్ణుంచి తెచ్చి ఇచ్చేవాణ్ణని అనుకోగానే, ఆ నవ్వు సగంలోనే ఆగిపోతుంది.