ఇంటికొకరు

తప్పెట మా వాకిలి ముందు ఆగలేదు. నాకు భయం మొదలైంది అక్కడే.

చంటివాడికి అన్నం పిసుకుతున్నాను. తలారి తప్పెట కొట్టుకుంటూ వీథి మొదటి నుంచి వస్తున్నాడు. ప్రతి గడప ముందూ నిలబడి, "రేపు ఏట్లో కాలువ పని, ఇంటికొకరు" అని చెప్పి అవతలి ఇంటికి కదులుతున్నాడు. పక్కింటి ముందు చెప్పాడు. మా ఇంటి ముందుకు వచ్చేసరికి కొట్టడం మానేసి, తల వంచుకుని దాటిపోయాడు. ఎదురింటి దగ్గర మళ్ళీ మొదలుపెట్టాడు. నా చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. పిల్లవాడు నోరు తెరుచుకుని చూస్తున్నాడు.

మా ఊరు తిరుత్తణికి దిగువన, ఏటి ఒడ్డున. వానలు ముగిసి ఏట్లో పారకం ఆగిపోయాక, ఇసుకను లోతుగా తవ్వితే కింద ఊట దొరుకుతుంది. ఆ ఊటను కాలువ తీసి పొలాలకు మళ్ళించుకుంటాం. కాలువ ఏ ఒక్కరిదీ కాదు, ఆ నీళ్ళు పారించుకునే ప్రతి ఇంటిదీ. అందుకే ఏటేటా ఇంటికొకరు దిగి తవ్వాలి. ఊరు ఆంధ్రలో ఉండాలా, మద్రాసులో కలవాలా అని అరుగుల మీద వాదించుకుని మాటలు మానేసిన వాళ్ళు కూడా ఆ రోజు ఒకరి చేతి తట్ట ఒకరు అందుకునేవాళ్ళు. పిలుపు రాని ఇంటికి నీళ్ళు లేవు. మా వరి అప్పుడు పొట్ట మీద ఉంది, ఇక కంకి వేయాలి. ఏడాది తిండి అదే.

మామగారు పక్షవాతంతో మంచం మీద ఉన్నారు. మా ఆయనకు తిరువళ్ళూరులో ఉద్యోగం. శనివారం రైలుకు వచ్చి ఆదివారం పోయేవారు. ఆ రోజు సోమవారం.

పిల్లవాణ్ణి చంకనేసుకుని పెద్దమామ ఇంటికి పోయాను. మామగారికి వరసకు అన్న, కాలువకు పెద్ద. అరుగు మీద కూర్చుని పారకు కొత్త పిడి బిగిస్తున్నాడు.

"పెద్దమామా, మా ఇంటిని పిలవలేదు."

"పిలిస్తే ఎవరొస్తారమ్మా? కూలోళ్ళే గదా."

"పోయినేడు ఆయన ఇద్దర్ని పంపించారు. ఒకరికి బదులు ఇద్దరు."

"పంపినాడు. బాగానే తవ్వినారు." పిడిని రాతికేసి దిగ్గొట్టాడు. "మధ్యాన్నం ఇసక గట్టు జారింది. మీ పక్కింటోడు నడుం దాకా పూడిపొయినాడు. మేమంతా చేతుల్తో తోడతా ఉంటే మీవోళ్ళు పారలు భుజానేసుకోని ఒడ్డెక్కినారు. వాళ్ళనేమంటాం? ఆ నీళ్ళు వాళ్ళ మడికి పోవు గదా."

ఆ సంగతి మా ఇంట్లో ఎవరికీ తెలియదు. పక్కింటాయన కుంటి నడక మాత్రం రోజూ చూస్తున్నదే.

ఏడుపు రాలేదు. కోపమూ రాలేదు. పిల్లవాణ్ణి చంక మార్చుకున్నాను.

"నేను వస్తాను," అన్నాను.

లోపల్నుంచి పెద్దత్త నవ్వింది. "కాలేజీ చదివిన చేత్తో తట్ట మోస్తావా? ఇంగిలీషులో చెప్తే ఇసక కదల్దు తల్లీ."

"మోస్తాను అత్తా."

"మనిళ్ళ ఆడోళ్ళు ఏట్లో దిగింది లేదు," అన్నాడు పెద్దమామ.

"మా ఇంట్లో ఇంకెవరున్నారు మామా?"

ఆయన పార పిడి ఊపి చూశాడు. "గట్టు జారితే?"

"ఉంటాను."

అవుననలేదు, కాదనలేదు. "పిల్లోడికి నిద్దరొస్తాండాది. పో," అన్నాడు.

ఇంటికొచ్చి మామగారికి గంజి తాగించాను. గిన్నెలు కడిగాను. పొయ్యి అలికాను. చేతులు వాటంతట అవే పని చేశాయి. ఇన్నాళ్ళ తర్వాత, పిల్లలు పడుకున్నాక ఇది రాస్తుంటే, ఆ సాయంత్రపు భయం ఎలా ఉండిందో సరిగా గుర్తుకు రావడం లేదు. ఆ చేతులే గుర్తొస్తున్నాయి.

తెల్లవారి వాకిట్లో కల్లాపి చల్లుతుంటే తలారి వచ్చాడు. మా ఒక్క ఇంటి ముందే నిలబడి తప్పెట కొట్టి, "ఏట్లో కాలువ పని, ఇంటికొకరు" అన్నాడు. నా మొహం చూడకుండానే వెళ్ళిపోయాడు.

లోపలికి పోయి పిల్లల్ని లేపాను.

"అమ్మ ఏటికి పోతోంది. పక్కింటి పిన్ని అన్నం పెడుతుంది, పెట్టింది తినండి. తాతకు నీళ్ళందించండి."

"ఎప్పుడొస్తావు?" అంది పెద్దది.

"అందరూ ఒడ్డెక్కినాక. ఎవరైనా ముందొచ్చి మీ అమ్మ యాడుంది అనడిగితే, ఇంకా ఏట్లోనే ఉందని చెప్పు."