కాళ్లతో పుట్టిన కోడలు

ఆ రోజుల్లో పిక్క పట్టేస్తే ఊళ్లో ప్రతివాళ్లూ వైద్యులేనండి. ఇప్పుడు మనవరాలు ఓ సీసా తెచ్చి బుస్సుమని కొడుతుంది, చల్లగా తగులుతుంది, అంతటితో సరి. అప్పుడలా కాదు. ఒకరు ఆముదం రాయమంటే, ఒకరు ఉప్పు వేయించి మూటగట్టి కాపడం పెట్టమనేవారు, ఇంకొకరు వావిలాకు కాచిన నీళ్లు పోయమనేవారు. చెప్పేది వాళ్లు, పొయ్యి దగ్గర మగ్గేది నేను. కొత్త కోడల్ని కదా.

మాది తాడేపల్లిగూడెం దగ్గర. నన్నిచ్చింది కలిదిండి అవతల, చేపల చెరువుల ఊరు. పొద్దంతా గట్టు మీద గొంతుక్కూర్చుని చేపలేరే పని మా అత్తది. అందుకే ఆవిడకి రోజు విడిచి రోజు పిక్కలు బిగుసుకునేవి. పెళ్లయిన నాలుగో నెలలో మా ఆయన ఏలూరు తీసుకెళ్లి సినిమా చూపిస్తానన్నారు. ఇద్దరమే వెళ్లడం అదే మొదలు. పది గంటల బస్సు. కనకాంబరాలు పెట్టుకున్నాను, పౌడరు రాసుకున్నాను (కొంచెం ఎక్కువే రాసుకున్నాను, నే చెప్పేదంతా కాగితం మీద పెడుతోంది మనవరాలు, ఇది రాయొద్దన్నా రాసేస్తోంది). సరిగ్గా అప్పుడే అత్త మంచం దిగబోయి కెవ్వుమంది. పిక్క రాయిలా ఉంది. ఉప్పు కాపడం పెట్టాను, ఆముదం రాసి జిల్లేడాకు వెచ్చజేసి కట్టాను. మూలుగు ఆగలేదు. "మీరెళ్లండే, నేనిలా పడుంటాను" అంది. ఆ మాట విన్నాక ఏ కోడలు బస్సెక్కుతుందండీ?

పక్కింటి పిన్ని వచ్చి చూసి, "ఎన్ని రాస్తే ఏం లాభం వదినా, కాళ్లతో పుట్టినోళ్లు మూడు తన్నులు తంతే పోద్ది. మనూళ్లో అలాంటోళ్లు లేరాయె" అంది. తల బదులు ముందు కాళ్లు బయటికొచ్చి పుట్టినవాళ్ల కాలికి ఆ గుణం ఉంటుందని మా వైపు నమ్మకం. నా నోరు ఊరుకుంటేగా. "నేను కాళ్లతోనే పుట్టానండి అత్తయ్యా" అనేశాను. అలా పుట్టింది మా తమ్ముడు.

"మరి ఇన్నాళ్లూ చెప్పవేమే?"

"సిగ్గేసిందండి."

"సిగ్గేంటే, తన్ను."

అత్తగారిని తన్నడం ఎలా? కాలి వేళ్లతో అలా తాకించాను. "నిమరమన్లేదే, తన్నమన్నాను" అంది. రెండోది కాస్త గట్టిగా వేశాను. గుమ్మంలోంచి ఆయన "బస్సుకి టైమవుతోంది" అన్నారు. ఇక మూడో తన్నులో నాలుగు నెలల కాపడాలూ కలిసి పడ్డాయి. అత్త మంచం మీంచి అటు దొర్లి, లేచి నిలబడింది. ఒకడుగు వేసింది, ఇంకోటి వేసింది. "పోయిందే" అంది. పోయింది తన్నుకో, ఉప్పు మూటకో, హడలుకో నాకిప్పటికీ తెలీదు.

నేను చెప్పులు తొడుక్కునేలోపు అత్త వీధంతా చెప్పొచ్చింది. ముందు పెదమావయ్య వచ్చి, "మొహమాటపడకమ్మాయ్" అని పంచె పైకి లాగి కాలు చాపారు. ఆయన్ని మూడు తన్నులు తన్ని, వంగి ఆ కాళ్లకే దణ్ణం పెట్టాను. ఆయన వెనక ఇంకో పది మంది. కొందరికి నొప్పే లేదు, రాబోయేదేదన్నా ఉంటే పోతుందని వచ్చారు. పది గంటల బస్సు వెళ్లిపోయింది. కళ్లనీళ్లతో పౌడరు చారలు కడుతుంటే నేను తంతూనే ఉన్నాను.

అందరూ అయ్యాక ఇస్త్రీ చొక్కాతో మా ఆయన వచ్చి కాలు చాపారు.

"మీకెక్కడ పట్టేసిందండీ?"

"సినిమా దగ్గర."

ఏడుపాగక, వంగి ఆయన చెవిలో నిజం చెప్పేశాను. "కాళ్లతో పుట్టింది నేను కాదండీ, మా తమ్ముడు." ఆయన మొహం ఎర్రబడింది. కోపమనుకున్నాను. తీరా చూస్తే నవ్వాపుకుంటున్నారు.

మర్నాడు అత్త దగ్గర కూర్చుని ఎంతో గంభీరంగా, "అమ్మా, ఇలాంటోళ్ల కాలికి వాడేకొద్దీ బలం తగ్గుద్దంట. వారానికోసారి ఊరు దాటించి తీసుకురావాలంట" అన్నారు.

"ఎవరు చెప్పార్రా?"

"ఏలూర్లో అనుకుంటుంటే విన్నాను."

అత్త ఆయన్నీ నన్నూ మార్చి మార్చి చూసింది. "మరింకా కూర్చున్నావేంట్రా, బస్సు పోద్ది" అంది.

అలా ఎన్ని ఆదివారాలు వెళ్లామో. అత్తకి అసలు సంగతి తెలుసో లేదో, చెప్పకుండానే పోయింది. ఆయన పోయి ఆరేళ్లు. చూసిన సినిమాల్లో ఒక్క కథా గుర్తులేదండి. బస్సు ఊరు దాటేదాకా ఒకరి మొహం ఒకరు చూసుకుంటే ఎక్కడ బయటపడిపోతామో అని, ఆయన అటు, నేనిటు తిరిగి, నవ్వు బిగబట్టుకుని కూర్చోవడం మాత్రం బాగా గుర్తుంది.