ఊపిరి తీసుకునే చోటు

పాటల పనిలో బతకడానికి ఎన్ని దారులున్నాయో తెలుసుకోవాలంటే చక్రాన్ని అడగాలి. అన్ని దారుల్లోనూ ఆమె కాస్త కాస్త దూరం నడిచింది. ఏ దారిలోనూ చివరిదాకా పోలేదనుకోండి, అది వేరే సంగతి.

చక్రం అన్నది అక్క పెట్టిన పేరు. కాళ్లకు చక్రాలు కట్టుకుని పుట్టిందని చిన్నప్పుడే పెట్టేసింది, అదే స్థిరపడిపోయింది. మొదట వాయిద్యాలమ్మే కొట్లో చేరింది. గిటార్లకు తీగలు మార్చడం, హార్మోనియం మెట్ల కింద దుమ్ము దులపడం, కొనడానికి వచ్చినవాళ్లకు వాయించి చూపించడం, అన్నీ ఇట్టే పట్టేసింది. కొట్టు యజమాని మెచ్చుకుని, ఈ అమ్మాయికి కొట్టు అప్పగిద్దామా అని ఆలోచనలో పడ్డాడు. సరిగ్గా అప్పుడే మానేసింది. తర్వాత హోటళ్లలో పాడే బృందంలో చేరింది. జనం ప్లేట్ల మీద చెంచాలు టకటకలాడిస్తుంటే కళ్లు మూసుకుని ప్రేమపాటలు పాడటం ఆ ఉద్యోగం. అదీ అయింది. పిల్లలకు సంగీతం చెప్పింది, కోరస్‌లో వెనక వరసలో నిలబడింది, రికార్డింగ్ కోర్సులో చేరి సగంలో బయటికొచ్చింది, పాటల హక్కులు చూసే ఆఫీసులో ఏసీ కింద కూర్చుని జలుబు తెచ్చుకుంది. ప్రకటనలకూ పాడింది. సబ్బుకు పాడింది, సిమెంటుకు పాడింది, బొద్దింకల మందుకు పాడింది. అన్నిట్లోకీ ఆ బొద్దింకల పాటే మారుమోగిపోయింది. ఇప్పటికీ వంటింట్లో బొద్దింక కనిపిస్తే బావ ఊరుకోడు.

"మరదలా, ఒక్కసారి వచ్చి పాడి వెళ్లమ్మా. మందు ఖర్చు మిగులుతుంది" అంటాడు.

చేతకాక ఎక్కడా మానలేదు. అదే చిత్రం. ఎక్కడైనా సరే, ఇంకో మెట్టు ఎక్కాలంటే ఎవరో ఒకరి ముందు నిలబడి "నాకిది కావాలి" అని నోరు తెరిచి అడగాల్సిన రోజు వస్తుంది కదా. ఆ రోజు దగ్గరపడేసరికి ఈవిడకు ఒళ్లంతా జెర్రులు పాకినట్టుండేది. ఇక్కడ మనకు పడదులే అనుకుని సంచి సర్దుకునేది.

అక్క ఒకసారి బట్టలు మడతపెడుతూ అననే అనేసింది. "నీకు తిరుగుడు పిచ్చి కాదే. వాళ్లు కాదంటారని భయం. వాళ్లనకముందే నువ్వే కాదనేసుకుని వచ్చేస్తావు."

"నీకేం తెలుసక్కా" అని చక్రం విసురుగా లేచి వెళ్లిపోయింది. నిజం చెప్తే ఎవరికి మాత్రం ఒళ్లు మండదు!

అలాంటి మనిషి ఒక్క పనిని మాత్రం ఏళ్ల తరబడి పట్టుకుని వేలాడింది. అది ట్రాక్ పాడటం. పేరున్న గాయని వచ్చేలోపు పాట మొత్తం ఎవరో ఒకరు పాడి ఉంచాలి. ఆ గాయని వచ్చి, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని, ఆ ట్రాక్ వింటూ తను పాడుతుంది. ఆ తర్వాత ట్రాక్ తీసి పారేస్తారు. పాడిన మనిషి పేరు ఎక్కడా రాదు. ఈ పనిలో ఎవరినీ ఏమీ అడగక్కర్లేదు, వాళ్లే పిలుస్తారు. చక్రానికి ఇంతకంటే ఏం కావాలి?

ఆమె ఎక్కువగా పాడింది పెద్దావిడ కోసం. పెద్దావిడంటే ఆ రికార్డింగ్ గదుల్లో అందరికీ ఒక్కరే. ఆవిడ గొంతు వినపడని ఇల్లుండేది కాదు. వయసు మీద పడినా గొంతులో తీపి చెక్కుచెదరలేదు. తగ్గింది ఊపిరి. ఆ సంగతి అందరికంటే ముందు చక్రమే కనిపెట్టింది. పాటలో ఒక్కో వరుస చివరికొచ్చేసరికి ఆవిడ భుజాలు లేవడం, ఆఖరి అక్షరం మింగేయడం అద్దం ఇవతల నుంచి చూసింది. చూసి, ఎవరికీ చెప్పకుండా ఒక పని మొదలుపెట్టింది. ట్రాక్‌లో తనే ఓ మాట ముందు ఆగి ఊపిరి తీసుకునేది. అది విని పెద్దావిడ కూడా అక్కడే తీసుకునేది. మరుసటి ఏడాది ఇంకాస్త ముందు ఆగింది. పాట ఎక్కడా తెగినట్టుండేది కాదు, అలా కూర్చినట్టే ఉండేది. ముక్కలుగా పాడించి అతికించవచ్చు కదా అంటారేమో. పెద్దావిడతో ఆ మాట అనే మొనగాడు ఇంకా పుట్టలేదు.

"నేనేమైనా అతుకుల బొంతనా?" అని ఎప్పుడో ఒక దర్శకుడిని కడిగేసిందట.

ఇలా సాగిపోతుంటే ఒక కుర్ర సంగీత దర్శకుడు వచ్చాడు. ఒక ట్రాక్‌లో చక్రం గొంతు విని, కొత్త గొంతుతో ఒక పాట చేద్దామనుకుంటున్నాను, వచ్చి వినిపించండని కబురు చేశాడు. ట్రాక్ కాదు, పాట! చక్రానికి ఆ వారం అన్నం సహించలేదు. అక్కావాళ్లింట్లో గదిలోంచి వరండాలోకి, వరండాలోంచి మెట్ల మీదికి తిరుగుతూనే ఉంది.

"కాస్త కూర్చోవే తల్లీ, నిన్ను చూస్తే నాకు కళ్లు తిరుగుతున్నాయి" అంది అక్క.

కదిలిపోతున్న బస్సు వెంట పరిగెత్తుతూ లోపలున్న మనిషిని పిలిచే పాట అది. చరణంలో ఒక పొడుగాటి వరుసుంది. "ఇది ఒక్క ఊపిరిలో రావాలండీ. ఆవిడ పరిగెడుతోంది, ఆగితే బస్సు వెళ్లిపోతుంది. మధ్యలో ఆగకండి" అని కుర్ర దర్శకుడు విడమరిచి చెప్పాడు. చక్రం తలూపింది. ఇదేం బ్రహ్మవిద్య! తనకున్న ఊపిరితో ఇలాంటి వరుసలు రెండు కలిపి పాడగలదు.

పాడింది. ఆయన ముఖం అదోలా పెట్టాడు. "మధ్యలో ఆగారు."

"ఆగానా?"

మళ్లీ పాడింది. మళ్లీ అదే మాట దగ్గర తెగింది. ఇంకోసారి పాడింది. ఆయన దాన్ని తిరిగి వినిపించేసరికి చక్రానికి ముచ్చెమటలు పోశాయి. గుండెలో గాలి నిండుగా ఉంది. అయినా ఆ మాట రాగానే గొంతు దానంతటదే ఆగి, చిన్నగా ఊపిరి లాక్కుంటోంది. ఆ ఊపిరి తనది కాదు, పెద్దావిడది. ఇన్నేళ్లుగా ఆవిడ కోసం ఆగీ ఆగీ, ఆగుతున్న సంగతే తనకు తెలియకుండా పోయింది.

"చూద్దామండీ" అన్నాడు కుర్ర దర్శకుడు. ఈ వృత్తిలో చూద్దామంటే ఏమిటో చక్రానికి తెలుసు. ఒక్క రోజు గడువివ్వండి, అలవాటు మాన్పించుకుని వస్తానని అడగొచ్చు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. "పర్లేదు సార్, మరేం అనుకోను" అనేసి మెట్లు దిగి వచ్చేసింది.

ఆ తర్వాత ఆమెను పట్టేవాళ్లు లేరు. రోడ్డు మీద నడుస్తూ ఆ వరుస పాడింది, బస్‌స్టాపులో పాడింది, గిన్నెలు తోముతూ పాడింది. ఆ మాట దగ్గరికి రాగానే ముక్కు మూసుకుని పాడింది. పక్కవాటా వాళ్లు కిటికీ వేసుకున్నారు. "బొద్దింకల పాటే నయం" అన్నాడు బావ. చివరికి ఒకరోజు డాబా మీద బట్టలారేస్తుంటే వరుస మొత్తం నిండుగా, ఎక్కడా తెగకుండా వచ్చింది. చేతిలో తడిబట్ట పట్టుకుని ఏడ్చేసింది.

సరిగ్గా ఆ మధ్యాహ్నమే ఫోనొచ్చింది. కుర్ర దర్శకుడే. "ఆ పాట పెద్దావిడతో పాడిద్దామనుకున్నామండీ. పెద్ద పేరు కదా, నిర్మాత కూడా సరేనన్నారు. మీరు వచ్చి ట్రాక్ పాడి పెట్టాలి."

చక్రానికి అరికాలి మంట నెత్తికెక్కింది. తన చేతిలోంచి జారిపోయిన పాటకు తనే ట్రాక్ పాడాలా? అయినా నోట్లోంచి వచ్చింది మాత్రం "అలాగే సార్" అన్న మాటే.

రికార్డింగ్ గదిలో ఎప్పుడూ ఉండే పాత తివాచీ వాసన, ఎప్పుడూ ఊగే ఆ ఎత్తుపీట. చక్రం పీట పక్కకు తోసి నిలబడింది. పొడుగాటి వరుస వచ్చింది. ఆగలేదు. మొత్తం ఒక్క ఊపిరిలో లాగి పారేసింది. అద్దం అవతల కుర్ర దర్శకుడు కుర్చీలోంచి లేచాడు.

"ఇదే కదండీ నేనా రోజు అడిగింది!" అన్నాడు.

ఆమెకు కసి తీరినట్టుంది. పెద్దావిడ ఏం చేస్తుందో చూద్దాం, అనుకుంది. అలా అనుకున్నందుకు సిగ్గుపడింది కూడా. కానీ ట్రాక్ మార్చలేదు.

పెద్దావిడ వేన్నీళ్ల ఫ్లాస్కుతో వచ్చింది. చక్రాన్ని చూసి "ఏమే, చిక్కిపోయావు" అని చెంప తట్టి లోపలికెళ్లింది. పల్లవి తేనెలా పాడింది. పొడుగాటి వరుస దగ్గర ట్రాక్ ఆగుతుందేమోనని చూసింది, అది ఆగలేదు. ఆవిడ వెంటబడింది. భుజాలు లేచాయి, గొంతు వణికింది, చివరి మాటలు గాలిలో కలిసిపోయాయి. వేన్నీళ్లు తాగి మళ్లీ మొదలుపెట్టింది. ఈసారి దగ్గు వచ్చింది. మళ్లీ పాడింది. సౌండ్ ఇంజనీరు తలెత్తకుండా మీటలు సర్దుతున్నాడు. గదిలో ఎవరూ ఎవరి ముఖమూ చూడటం లేదు. చక్రానికి ఎక్కడైనా దాక్కుంటే బాగుండుననిపించింది. తను కోరుకున్నది ఇదేనా?

పెద్దావిడ హెడ్‌ఫోన్లు తీసింది. "మైకు కట్టెయ్ నాయనా. ఆ పిల్లని లోపలికి రమ్మను."

చక్రం లోపలికెళ్లి తలుపు వేసింది.

"ఇందులో ఊపిరి ఎక్కడ తీసుకున్నావే?"

"తీసుకోలేదమ్మా."

"ఎప్పుడూ తీసుకునేదానివి కదా."

చక్రం నేల చూపులు చూసింది. పెద్దావిడకు అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు. ముఖం పాలిపోయింది.

"ఈ మధ్య పాటలన్నీ పొట్టి పొట్టి వరుసలతో కడుతున్నారనుకున్నా. కాలం మారిందిలే అనుకున్నా. అయితే అదంతా నువ్వా?" అంది. "నా ఊపిరి తగ్గి ఎన్నాళ్లయిందే?"

"చాలా ఏళ్లయిందమ్మా."

"మరి చెప్పలేదేం?"

"చెప్పడం నా పని కాదనుకున్నాను."

"ఇవాళ అయిందా నీ పని? ఇంతమంది ముందు?"

చక్రానికి కన్నీళ్లు ఆగలేదు. "ఈ పాట నాకిస్తానన్నారమ్మా. మీ అలవాటు నా గొంతులో దిగిపోయి పోగొట్టుకున్నాను. కడుపు మండింది. అందుకే ఇలా చేశాను. తప్పే."

పెద్దావిడ ఫ్లాస్కు మూత బిగించి పక్కన పెట్టింది. "పాట కావాలని నన్నడగొచ్చుగా?"

"అడిగితే ఇచ్చేవారా?"

"ఇచ్చేదాన్ని కాదు" అంది పెద్దావిడ. అబద్ధమాడే ఓపిక ఆవిడకు లేదు.

చక్రం కళ్లు తుడుచుకుంది. కాళ్లు తలుపు వైపు లాగుతున్నాయి. సంచి బయట కుర్చీ మీదే ఉంది, తీసుకుని మెట్లు దిగిపోతే ఎవరూ ఆపరు. రేపట్నుంచి ఇంకో దారి చూసుకోవచ్చు. కానీ ఇంక దారులు లేవు, అన్నీ అయిపోయాయి.

"ఇప్పుడు అడుగుతున్నానమ్మా" అంది. "ఈ పాట నాకివ్వండి."

"ఇవ్వను. ఇంకో పాట నా దగ్గరికి వస్తుందో రాదో నాకే తెలీదు. నీకు ముందు బోలెడు కాలముంది, నాకు లేదు. నాకు కావాలే ఇది."

కాదన్నారు. ముఖం మీదే అన్నారు. ఇన్నేళ్లూ ఏ మాటకు భయపడి ఊళ్లో ఉన్న పనులన్నీ మారిందో ఆ మాట వచ్చింది, వినేసింది. గుండె భగ్గుమంది. కానీ కింద పడిపోలేదు, బయటికి పరిగెత్తనూ లేదు. పెద్దావిడ చేతిలోని హెడ్‌ఫోన్లు తీసుకుంది.

"మీరు కాస్త బయట కూర్చోండి. ట్రాక్ మళ్లీ పాడతాను. ఆ మాట ముందు ఆగుతాను, సరిపోతుందా?"

"ఇంకో మాట ముందాగు" అంది పెద్దావిడ మెల్లిగా.

చక్రం ఇంకో మాట ముందే ఆగి పాడింది. ఆ తర్వాత పెద్దావిడ లోపలికెళ్లి, ఆ చోటే ఊపిరి తీసుకుని, పాట పూర్తి చేసింది. బాగా పాడింది. బస్సు వెంట పరిగెడుతూ అలసిపోయిన మనిషి పాడినట్టే ఉందని ఇంజనీరు కూడా అన్నాడు. చక్రానికీ అలాగే అనిపించింది.

కుర్ర దర్శకుడు ఆమె పాడిన మొదటి ట్రాక్ చెరపబోతూ ఆగాడు. "ఇది అనవసరంగా పోతోంది" అన్నాడు, తనలో తను అనుకున్నట్టు.

"అనవసరంగా పోనక్కర్లేదు సార్" అంది చక్రం. "మీ తర్వాతి పాట నేను పాడతాను. ట్రాక్ కాదు, పాటే."

"చూద్దామండీ."

"చూద్దాం వద్దు సార్. అవునంటే అవునని చెప్పండి, కాదంటే కాదని చెప్పండి. కాదంటే ఆ తర్వాతి పాటకు మళ్లీ వచ్చి అడుగుతాను."

ఆయన నవ్వబోయి, ఆమె ముఖం చూసి మానుకున్నాడు. "ఇప్పటికైతే కాదు" అన్నాడు.

"సరే సార్" అంది చక్రం. అక్కడే కుర్చీ లాక్కుని కూర్చుంది. "అయితే ఆ తర్వాతి పాట ఎప్పుడు మొదలుపెడుతున్నారు?"