ఐసు కొట్టు దగ్గర ఎడమకి

మా మరిదికి ఒకే ఒక్క జబ్బు. ఉన్నదాన్ని ఉన్న పేరుతో పిలవడు. ఆ చోట పూర్వం ఏదుండేదో దాని పేరే చెబుతాడు. ఇంట్లో కూచునే మనిషికి ఈ జబ్బున్నా లోకానికి నష్టం లేదు. మావాడి ఉద్యోగమేమో ఊరి నడిబొడ్డున ఉన్న పెద్ద స్టేషన్లో, వచ్చేపోయేవాళ్ళకి దారి చెప్పే కిటికీ వెనకాల.

ఆ స్టేషన్ మొదట్లో ఒక రేకుల షెడ్డు, దానికింద ఒక బల్ల. తర్వాత ఆకలి పుట్టింది. పక్కనున్న గుర్రాలశాలను మింగింది. ఆపైన ఐసు కొట్టును మింగింది. పైన రైళ్ళు చాలవని కింద కూడా రైళ్ళు వేసినప్పుడు దర్జీల సందు, గడియారాలు బాగుచేసే ఆయన అరుగు, నా టీ కొట్టు ఒక్క గుటకలో పోయాయి. నా పొయ్యి ఉన్నచోట ఇప్పుడు లిఫ్టు ఉంది. జనం నా పొయ్యి మీద నిలబడి పైకి పోతుంటారు. బదులుగా మా అందరికీ వెనక నడవాలో తలా ఒక గూడు ఇచ్చారు. గాలి కూడా దారి అడుక్కుంటూ రావలసిన చోటు.

ఇక కిటికీ దగ్గర రోజూ ఇదే వరస.

"బాబూ, కింది రైలుకి ఎటు వెళ్ళాలి?"

"గుర్రాలశాల దాటండి. ఐసు కొట్టు దగ్గర ఎడమకి తిరగండి. దర్జీల సందు చివర మెట్లుంటాయి."

"ఇక్కడ గుర్రాలెక్కడివండీ?"

"ఇప్పుడు లేవు, ఉండేవి. వానొస్తే వాసన కూడా వస్తుంది."

వాళ్ళు పాపం మావాడి వేలు చూపించిన వైపు నడిచి నడిచి, చెమటలు కక్కుతూ నా గూడు ముందు తేలేవాళ్ళు.

"అమ్మా, ఐసు కొట్టెక్కడ?"

"కరిగిపోయింది నాయనా. టీ తాగు. మెట్లు ఈ పక్కనే."

నా దగ్గర ఎప్పుడూ జనమే. నా టీ అలాంటిది. ఈ మాట నేనే అందరికీ చెబుతుండేదాన్ని, వేరేవాళ్ళకి గుర్తుండదని.

ఒకసారి నాకు పన్ను నొప్పి వస్తే మరిది టాక్సీ ఎక్కించాడు. డ్రైవరు ఎక్కడికన్నాడు. "బొగ్గుల డిపోకి" అన్నాడు మావాడు.

"అదెక్కడుందండీ?"

"సినిమాహాలు వెనకాల."

ఆ సినిమాహాలు నా పెళ్ళికి ముందే బ్యాంకయింది. బొగ్గుల డిపో ఉన్నచోట పళ్ళ డాక్టరు మేడ కట్టాడు. ఊరంతా తిరిగాం. అక్కడికి చేరేసరికి నొప్పి ఏ పంటిదో నాకే గుర్తు లేదు. "చూశావా వదినా, తిరిగితే తగ్గింది" అన్నాడు. డాక్టరు ఎలాగూ ఒకటి పీకేశాడు. మరిదిని కొరకడానికైనా ఆ పన్ను ఉంచుకోవలసింది.

వాడి పెళ్ళాం, అంటే నా తోడికోడలు, నాకంటే ఎక్కువ పడింది. "అక్కా, ఈయన ఒక్కోసారి వంటింట్లోకి వచ్చి నన్ను అమ్మా అని పిలుస్తున్నారు. ఏమంటే, నీకంటే ముందు అక్కడ అమ్మే ఉండేది కదా అంటారు!"

ఇలా సాగుతుండగా స్టేషన్‌కి కొత్త అధికారిణి వచ్చింది. చీర మడత నలగని మనిషి. వచ్చిన వారంలోనే పెద్ద పెట్టె మోసుకొచ్చిన ఒక ఆసామి ఆవిడ గదిలోకి వెళ్ళి, తనని చుట్టు తిప్పారని గోల పెట్టాడు. ఆ పెట్టె తెగిన పట్టీని మా దర్జీ చేతే కుట్టించుకుని, నా టీ రెండుసార్లు తాగి మరీ వెళ్ళాడు ఫిర్యాదుకి. ఆవిడ కిటికీ నుంచి రైళ్ళదాకా నేల మీద తిన్నగా పసుపు గీత వేయించింది. మావాణ్ణి జనం మరిచిపోయిన సామాన్ల గదిలో, గొడుగుల మధ్య కూచోబెట్టింది.

మర్నాటినుంచి మా నడవాలోకి పిట్ట కూడా రాలేదు. గిన్నెలో టీ చల్లారిపోతోంది. రుచేమైనా తగ్గిందా అని నేనే తాగి చూశాను. తగ్గలేదు.

దర్జీ సూది పక్కన పెట్టి, "అక్కా, నీ మరిది కిటికీ దగ్గర లేడు కదా" అన్నాడు.

"లేకపోతే?"

"ఇన్నాళ్ళూ జనం నీ టీ వాసన పట్టుకుని వచ్చారనుకున్నావా?"

ఆ పూటంతా దర్జీతో మాట్లాడలేదు. తర్వాత కూచుని ఆలోచించాను. కింది రైలుకి కిటికీకి ఎదురుగానే వేరే మెట్లున్నాయి. బస్సులకీ ఎదురుగానే. గుర్రాలశాల, ఐసు కొట్టు, దర్జీల సందు, ఏ దారి చెప్పినా చివరికి మా నడవాలోకే.

చెంబెడు టీ పట్టుకుని గొడుగుల గదికి వెళ్ళాను.

"ఎందుకు చేశావురా ఈ పని?"

"ఏం చేశాను వదినా? దారి చెప్పాను."

"ఎవడికైనా రైలు తప్పితేనో?"

"టికెట్టు చూడకుండా ఎవరికైనా చెప్పానా? టైము లేనివాణ్ణి ఎదురుగా ఉంది పరిగెత్తు అనేవాణ్ణి. మోకాళ్ళ నొప్పులవాళ్ళకీ, చంటిపిల్లల తల్లులకీ అంతే. గుర్రాలశాల తీరుబడిగా ఉన్నవాళ్ళకే."

"ఆ మాటేదో తిన్నగా చెప్పచ్చు కదా, మా వదిన దగ్గర టీ తాగి వెళ్ళండని."

"కిటికీలో కూచుని అలా చెబితే మా ఇంటి వ్యాపారం అంటారు. పాత పేర్లు చెబితే పిచ్చోడని ఊరుకుంటారు."

దర్జీని, గడియారాలాయన్ని వెంటబెట్టుకుని అధికారిణి గదికి వెళ్ళాను. కుర్చీ చూపించింది. కూచోలేదు.

"అమ్మాయ్, మా మరిది వల్ల ఒక్కరికైనా రైలు తప్పిందా?"

ఆవిడ ఆలోచించింది. "తిప్పాడన్నారు గానీ, తప్పిందని ఎవరూ అనలేదు."

టికెట్టు చూసి దారి చెప్పే సంగతి చెప్పాను. ఆవిడ కళ్ళద్దాలు తీసింది.

"మరి ఆయన నాతో ఈ ముక్క అనలేదేం?"

"అంటే మంచివాడని తెలిసిపోదూ? వాడికి పిచ్చోడన్న పేరే హాయి."

"మీ కొట్టు ఎక్కడుండేది?"

"నువ్వు రోజూ ఎక్కి వచ్చే లిఫ్టే."

ఆవిడ మావాణ్ణి పిలిపించి గట్టిగానే చెప్పింది. "రేపటినుంచి మళ్ళీ కిటికీ దగ్గర కూచోండి. లేనివాటి పేర్లు ఒక్కటి కూడా చెప్పకూడదు. ఇప్పుడు స్టేషన్లో ఉన్నవే చెప్పాలి. ఉన్నవి ఎన్నయినా చెప్పండి." ఆ చివరి మాట అన్నప్పుడు నావైపు చూసింది. నేను పైకప్పు వైపు చూశాను.

మర్నాడు సంచీ భుజాన వేసుకున్న ఒకాయన మా నడవాలోకి వచ్చాడు.

"లిఫ్టు దగ్గర ఎడమకి తిరగమన్నారు. గడియారాలాయన్నీ, దర్జీనీ దాటితే ఒకావిడ టీ అమ్ముతూ ఉంటుంది, ఆవిడ పక్కనే మెట్లు అన్నారు."

"అన్నీ ఉన్నవే చెప్పాడన్నమాట. ఇంకేమన్నాడు?"

ఆయన నసిగాడు. "ఆవిడ తిట్టినా పట్టించుకోకండి, టీ తాగే వెళ్ళండి అన్నారు."

"నేనా తిట్టేది? వాడి నోరు పడ!" అని గ్లాసు అంచుదాకా నింపాను. "కూచో నాయనా. నీ రైలుకి టైముందని వాడు చూసే పంపి ఉంటాడులే."