గుట్టలో రాజుగారు

గొర్రెలు పెంచుకునే టోర్గిల్స్ రోజూ పొద్దున్నే పెరట్లోని మట్టిగుట్టకు టోపీ తీసి తలవంచుతాడు. పక్కింటివాళ్లు పలకరిస్తే మాత్రం గడ్డం పైకెత్తి ఊరుకుంటాడు. ఎనిమిది వందల ఏళ్ల కిందటి హోకున్ రాజు ఆ గుట్టలోనే సమాధై ఉన్నాడనీ, తనది ఆయన వంశమేననీ అతని నమ్మకం.

మొన్న మ్యూజియం వాళ్లొచ్చి ఊరందరి ముందూ గుట్ట తవ్వారు. టోర్గిల్స్ పెళ్లినాటి కోటు బలవంతంగా తొడుక్కుని నిలబడ్డాడు. రాళ్లు పేర్చిన గొయ్యి బయటపడింది. అందులో ఎండి ముడుచుకుపోయిన బంగాళదుంపలున్నాయి.

"ఇది మీ ముత్తాత దుంపలు దాచుకున్న గొయ్యి కదయ్యా!" అంది భార్య ఓస్నె. జనం గొల్లుమన్నారు.

టోర్గిల్స్ చెవులు ఎర్రబడ్డాయి. "కాదే, రాజుగారిదే!"

"ఆయన పోయిన ఐదొందల ఏళ్లకు గానీ ఈ దేశానికి బంగాళదుంప రాలేదండీ" అంది మ్యూజియం అమ్మాయి.

"చూశారా మరి, మా రాజుగారి ముందుచూపు!" అన్నాడు టోర్గిల్స్.