కర్పూరం డబ్బాలో మిరియాలు

ఉప్పులో కర్పూరం పొడి కలపడం, కలిపినదాన్ని మళ్ళీ విడదీయడం: కాలేజీలో నేను జీతం తీసుకున్నది ఇలాంటి పనులకే. పింగాణీ గిన్నెలో ఆ రెండూ పోసి, పైన గాజు గరాటు బోర్లించి, దాని గొట్టంలో దూది కుక్కి, కింద సన్నటి మంట పెట్టేవాణ్ణి. కర్పూరం కరగకుండానే ఆవిరై లేచి, గరాటు గోడలకు తెల్లగా అంటుకునేది. ఉప్పు గిన్నెలోనే ఉండిపోయేది. దీన్నే ఉత్పతనం అంటారని బోర్డు మీద రాసేవాణ్ణి.

గుణదలలో మా ఇంట్లో మాత్రం నా పాఠం చెల్లేది కాదు. మా ఆవిడ వన్ టౌన్‌లో కర్పూరం కొనుక్కొచ్చి, స్టీలు డబ్బాలో పోసి, అందులో గుప్పెడు మిరియాలు వేసేది.

"మిరియాలుంటే కర్పూరం ఎగిరిపోదండీ. మా పామర్రులో అందరూ ఇంతే."

"మిరియాలేమన్నా దాని చెయ్యి పట్టుకుని ఆపుతాయా? ముందు ఆ వదులు మూత సంగతి చూడు."

"ఆ లెక్చరేదో కాలేజీలో ఇచ్చుకోండి."

పెళ్ళయిన కొత్తలో మొదలైన ఈ తగువు ఆవిడ పోయేదాకా తెగలేదు. నాకు మొండితనం ఎక్కువ, ఆవిడకు ఇంకా ఎక్కువ.

ఆవిడ పోయాక ఏడాది పాటు ఇంట్లో పూజ లేదు కనుక ఆ డబ్బా ఎవరూ ముట్టుకోలేదు. సంవత్సరీకం అయిన మర్నాడు దీపం పెట్టి, ఆవిడ కొన్న కర్పూరంతోనే హారతి ఇద్దామనుకున్నాను. ఆవిడ తెచ్చిన సరుకుల్లో అయిపోకుండా మిగిలింది అదొక్కటే. నా పాఠం తప్పయితే బాగుండునని జీవితంలో మొదటిసారి కోరుకున్నాను.

మూత తీశాను. అడుగున మిరియాలు మాత్రమే ఉన్నాయి.

గెలిచాను. ఆ మాట చెప్పి ఉడికించడానికి ఇంట్లో మనిషి లేదు. ఇంత దిక్కుమాలిన గెలుపు పగవాడికి కూడా వద్దు. పీట మీద కూలబడి ఏడ్చాను.

కాసేపటికి, పారేద్దామని మిరియాలు అరచేతిలో పోసుకున్నాను. గుప్పున కర్పూరం వాసన కొట్టింది. ఆ వాసన వాటికి ఎలా పట్టిందో నేను వివరంగా చెప్పగలను. వినేదెవరు?

ఆ సాయంత్రమే వన్ టౌన్ వెళ్ళి కొత్త కర్పూరం తెచ్చాను. అదే డబ్బాలో పోసి, ఆ పాత మిరియాలే పైన వేసి, అదే వదులు మూత పెట్టాను.

"సరేలే, నువ్వన్నదే నిజం" అన్నాను వంటింటి వైపు తిరిగి.

నా మాటకు ఏనాడూ బదులివ్వకుండా ఊరుకున్న మనిషి కాదు. కాసేపు అక్కడే నిలబడ్డాను.