చేలో మిగిలిన చెనక్కాయలు

నిన్న మా పాప ఇంగ్లీషు హోంవర్కులో ‘డిగ్’, ‘డెల్వ్’, ‘ఎక్స్‌ప్లోర్’ అని వరుసగా రాసుకొని, “అమ్మా, డిగ్‌కు ఒక వాక్యం చెప్పు” అని అడిగింది. చేతిలో పని ఆపి నా గోళ్లకేసి చూసుకున్నాను.

మా చిన్నప్పుడొక పద్ధతి ఉండేది. రైతు చెనక్కాయ చెట్లు పీకి కుప్ప వేసుకున్నాక, మట్టిలో మిగిలిన కాయలు ఎవరైనా తవ్వి ఏరుకోవచ్చు. తళి అనే ఊరి దగ్గర మా పల్లెలో, ఆదివారమైతే నేనూ నా స్నేహితురాలు మునెమ్మా విరిగిన కొడవళ్లు పట్టుకొని పోయేవాళ్లం. ఆ పచ్చికాయల వాసన, గోళ్లలో ఎర్రమట్టి ఎంత కడిగినా పోయేవి కావు.

ఒక సోమవారం టీచరు ఇదే మాటకు వాక్యం అడిగారు. మునెమ్మ లేచి, వేరేవాళ్ల చేలో చెనక్కాయలు తవ్వుకుంటానని ఇంగ్లీషులో చెప్పింది. క్లాసంతా నవ్వింది. గోళ్లు కనపడకుండా పిడికిళ్లు బిగించి, అందరికంటే గట్టిగా నేనే నవ్వాను.

మునెమ్మ నా పేరు బయటపెట్టలేదు.

తర్వాతి ఆదివారం తన ఒడిలోని కాయలు రెండు దోసిళ్లు నా సంచిలో పోసి, “నీకు తక్కువుండాయి, తీసుకో మే” అంది.

తీసుకున్నాను. ఇంటికొచ్చి ఉడకబెట్టుకొని తిన్నాను కూడా.